నిప్పు, దీపం, బతుకు: తెలంగాణ మలిదశ ఉద్యమ కవిత్వంలో యువమరణం – అరబ్ సాహిత్యంతో తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

2009 నవంబరు 29న హైదరాబాదు ఎల్.బి.నగర్ కూడలిలోనూ, 2010 డిసెంబరు 17న ట్యునీషియాలోని సిదీ బూజిద్ పట్టణంలోనూ ఇద్దరు యువకులు నడివీధిలో నిప్పుకు తమను తాము అప్పగించుకున్నారు. రెండు మరణాలూ చరిత్ర గతిని మార్చాయి. రెండింటి చుట్టూ సాహిత్యం పుట్టింది. సంక్షోభంలో ఉన్న సమాజం తన యువతరాన్ని కాపాడుకోవడంలో సాహిత్యానికి పాత్ర ఉందా, ఉంటే ఆ పాత్రను మలిదశ ఉద్యమ కవిత్వం ఎంతవరకు నిర్వహించింది అన్న ప్రశ్నను ఈ వ్యాసం చర్చిస్తుంది. ఇందుకోసం యువమరణాన్ని పేర్కొనే పదజాలాన్ని, పల్నాటి వీరచరిత్ర, తిక్కన స్త్రీపర్వాలలోని పూర్వరూపాలను, తహర్ బెన్ జెల్లూన్ నవలికను, అబుల్ ఖాసిం అల్ షాబీ, మహమూద్ దర్వేష్ కవితలను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: మలిదశ తెలంగాణ ఉద్యమం, యువత, ఆత్మబలిదానం, స్మృతికవిత్వం, అరబ్ వసంతం, బతుకమ్మ, సంఘర్షణ.

1. ఉపోద్ఘాతం:

అబ్దుల్లాపూర్‌మెట్‌లో ఎక్కిన బస్సు పెద్ద అంబర్‌పేట, హయత్‌నగర్, వనస్థలిపురం, చింతలకుంట దాటి ఎల్.బి.నగర్ చేరుతుంది. ఆ కూడలిలో కాసోజు శ్రీకాంతాచారి పేరు వినబడని రోజు ఉండదు. 2009 నవంబరు 29న, నిరాహారదీక్షకు బయలుదేరిన కె. చంద్రశేఖరరావును కరీంనగర్ దగ్గర అలుగునూరులో అరెస్టు చేసిన రోజున, ఉమ్మడి నల్లగొండ జిల్లా పొడిచేడు గ్రామానికి చెందిన ఆ యువకుడు ఇక్కడే ఒంటికి నిప్పంటించుకున్నాడు. డిసెంబరు 3న మరణించాడు. డిసెంబరు 9న కేంద్ర హోంమంత్రి రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని ప్రకటించారు. డిసెంబరు 23న ఆ ప్రకటన వెనక్కి పోయింది. ఆ రెండు తేదీల మధ్య పెరిగిన ఆశ, ఆ తరవాత కూలిన ఆశ, 2014 జూన్ 2 దాకా ఎంతమంది యువకుల ప్రాణాలు తీశాయో కచ్చితంగా లెక్క తేలలేదు. పన్నెండు వందలకు పైబడి అని ఉద్యమకారులు చెప్పే సంఖ్యకూ, ప్రభుత్వం పరిహారం అందించిన కుటుంబాల సంఖ్యకూ మధ్య చాలా దూరం ఉంది.

ఎల్.బి.నగర్ ఘటన జరిగిన సుమారు పన్నెండున్నర నెలలకు ట్యునీషియాలో ఇరవై ఆరేళ్ల మొహమ్మద్ బువాజీజీ, తోపుడుబండిని అధికారులు స్వాధీనం చేసుకోగా, ఫిర్యాదు వినేవారు లేక ప్రభుత్వ కార్యాలయం ఎదుట అదే పని చేశాడు. 2011 జనవరి 4న మరణించాడు. పదిరోజులకే అధ్యక్షుడు బెన్ అలీ దేశం విడిచి పారిపోయాడు. తరవాతి కొద్ది వారాల్లో అల్జీరియా, ఈజిప్టు, మారిటేనియాలలో మరికొందరు యువకులు అదే దారి పట్టారు. ఒక చావు మరొక చావుకు నమూనా కావడం అక్కడా ఇక్కడా ఒకే రీతిన జరిగింది.

ఈ పోలికను తొలిసారి గమనించినది ఈ వ్యాసకర్త కాదు. ఉద్యమకాలపు వేదికల మీద ట్యునీషియా పేరు, ఈజిప్టు తహ్రీర్ చౌక్ పేరు తరచు వినిపించేవి. 2011 మార్చి 10 నాటి మిలియన్ మార్చ్‌ను తహ్రీర్‌తో పోల్చినవారున్నారు. అయితే ఆ పోలిక ఉద్యమ విజయానికి సంబంధించింది. మరణించినవారిని సాహిత్యం ఏమి చేసుకుంది, బతికున్నవారికి ఏమి చెప్పింది అన్న దిశలో తులన జరగవలసి ఉంది. కవితాపంక్తులను ఉదాహరించి గుణదోషాలు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఒక కాలపు కవిత్వంలో పదేపదే కనిపించే పదాలు, ప్రతీకలు, సంబోధనలు ఏ భావాన్ని స్థిరపరిచాయో చూడడమే ఇక్కడి పని.

2. పేరు పెట్టడం:

ఒక మరణానికి ఏ పేరు పెడతామన్నది భాషాశాస్త్ర సమస్య మాత్రమే కాదు. 'ఆత్మహత్య' అన్న మాటలో హత్య ఉంది, కనుక నేరం ఉంది. 'ఆత్మాహుతి'లో హోమం ఉంది, కనుక పవిత్రత ఉంది. 'ఆత్మబలిదానం'లో బలి, దానం రెండూ ఉన్నాయి. బలి తీసుకునేవాడు ఒకడుండాలి, దానం పుచ్చుకునేవాడు మరొకడుండాలి. మలిదశ ఉద్యమంలో స్థిరపడింది ఈ మూడో మాటే. ఉద్యమాన్ని అవహేళన చేసినవారు మొదటి మాటను పట్టుకున్నారు, ఉద్యమకారులు మూడోదాన్ని పట్టుకున్నారు. పరీక్ష తప్పినందుకు చనిపోయాడా, తెలంగాణ కోసం చనిపోయాడా అన్న అసహ్యకరమైన వాదులాట ఆ రోజుల్లో టీవీ చర్చల్లో ఎన్నో రాత్రులు సాగింది. చనిపోయినవాడికి ఆ రెండూ వేర్వేరు కాకపోవచ్చునన్న ఆలోచన ఇరుపక్షాలకూ రాలేదు.

రెండో మాట విషయం మరింత చిత్రమైనది. బాగ్దాదులో బాంబు కట్టుకొని జనంలోకి దూకినవాడి చర్యను మన దినపత్రికలు 'ఆత్మాహుతి దాడి' అంటాయి. తనను తాను కాల్చుకున్న విద్యార్థి చర్యనూ 'ఆత్మాహుతి' అనే అంటాయి. ఒకటి ఇతరులను చంపడానికి, మరొకటి ఇతరులెవరికీ హాని చేయకుండా నిరసన తెలపడానికి. రెండింటినీ ఒకే మాటలో ఇమిడ్చిన భాష ఆ తేడాను గుర్తించడానికి నిరాకరించిందనే చెప్పాలి.

అరబ్ సమాజాల్లోనూ ఈ పేరు పెట్టే తగాదా జరిగింది. బువాజీజీని జనం 'షహీద్' అన్నారు. ఆత్మహత్యను ఇస్లాం ఏ కారణంతోనూ అనుమతించదని 2011 జనవరిలో ఈజిప్టులోని అల్ అజ్హర్ విద్యాపీఠం ప్రకటించింది. 'షహీద్' మూలార్థం సాక్షి. చూసినదాన్ని చెప్పేవాడు. ఉర్దూ ద్వారా ఈ మాట తెలంగాణలోకీ వచ్చింది, కాని కవిత్వం దాన్ని పెద్దగా తీసుకోలేదు. 'అమరుడు' అన్నదాన్నే తీసుకుంది. ఈ రెండు మాటల మధ్య భేదం చిన్నది కాదు. సాక్షి అన్నప్పుడు, అతడు ఏమి చూశాడు, ఏమి చెప్పాడు అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. అమరుడు అన్నప్పుడు ఆ ప్రశ్న రాదు. అసలు మరణమే జరగలేదన్నది ఆ మాట అర్థం. తల్లికి అది ఓదార్పు కావచ్చు. విమర్శకు మాత్రం అది అడ్డంకి. మరణం జరగలేదంటే ఎందుకు జరిగిందని అడిగే వీలు పోతుంది.

చట్టం కూడా ఈ పదాల తికమక నుంచి బయటపడలేదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టుగా భావించి ఆదుకోవాలన్నది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత, ఆత్మహత్యాయత్నాన్ని సాధారణ నేరాల జాబితా నుంచి తొలగించింది. అయితే ప్రభుత్వోద్యోగిని ఒక పని చేయించడానికో, చేయకుండా ఆపడానికో చేసే ఆత్మహత్యాయత్నాన్ని నేరంగానే మిగిల్చింది. సొంత దుఃఖంతో చావబోతే జాలి, ప్రజల దుఃఖంతో చావబోతే శిక్ష. ఈ సెక్షను ఎల్.బి.నగర్ కూడలిలో నిలబడి చదువుకోవలసినది.

3. పూర్వరూపాలు – అడిగే శోకం, ఒప్పుకునే శోకం:

మలిదశ కవిత్వం శూన్యంలో పుట్టలేదు. యుద్ధంలో పడిపోయిన యువకుడికి తెలుగు సాహిత్యంలో రెండు పెద్ద నమూనాలున్నాయి. ఒకటి అభిమన్యుడు, రెండవది బాలచంద్రుడు.

శ్రీనాథుని పల్నాటి వీరచరిత్రలో మనకు దక్కిన ప్రధానభాగం బాలచంద్ర యుద్ధం. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన నాటి నుంచి దాన్ని వీరరస కావ్యంగానే పాఠం చెబుతున్నాం. దాన్ని సంధి విఫలమైన కథగా చదివితే వేరే కావ్యం కనిపిస్తుంది. రాయబారిగా వెళ్లిన అలరాజు విషప్రయోగానికి బలవుతాడు. మాట్లాడడానికి వెళ్లినవాడు శవమైతే ఇక మాటకు విలువ ఉండదు. పెద్దలు సంధివైపు మొగ్గినా బాలచంద్రుడు ఒప్పుకోడు. తల్లి ఐతాంబ ఆపజూస్తుంది, భార్య మాంచాల వీరతిలకం దిద్ది పంపుతుంది. సంఘర్షణను నడపవలసిన పెద్దలు విఫలమైన చోట యువకుడు తన దేహాన్ని వాదంగా నిలబెట్టడం ఈ కథకు వెన్నెముక.

ఈ కథలో మనం తొందరగా దాటిపోయే పాత్ర అనపోతురాజు. బాలచంద్రుని సహచరుల్లో బ్రాహ్మణుడతడు. అతని ప్రాణం దక్కాలని బాలచంద్రుడు ఉపాయంగా అతన్ని వెనక్కి పంపి మిగిలినవారితో యుద్ధానికి వెళ్లిపోతాడు. విషయం తెలిసిన అనపోతు తన ప్రాణం తానే తీసుకుంటాడు. అంటే పల్నాటి కథ యుద్ధంలో చనిపోయిన యువకుడి గురించి మాత్రమే కాదు, యుద్ధం నుంచి తప్పించినందుకు చనిపోయిన యువకుడి గురించి కూడా. కాపాడాలన్న కోరికతోనే జరిగిన పని అది. కాని అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు, అతనిని ఏమీ అడగలేదు. తీర్మానాలు తనను దాటి జరిగిపోయాయన్న భావం ఒక యువకుణ్ని ఎక్కడికి తీసుకుపోగలదో చెప్పడానికి తెలుగులో ఇంతకంటే పాతదైన, ఇంతకంటే సూటియైన ఉదాహరణ నాకు తట్టడంలేదు. 2009 డిసెంబరు 23 తరవాత ఢిల్లీ వైపు చూస్తూ కూర్చున్న హాస్టల్ గదుల్లో ఎంతమంది అనపోతురాజులున్నారో!

తిక్కన స్త్రీపర్వం మరో దారి చూపుతుంది. యుద్ధం ముగిసిన నేల మీద గాంధారి ఒక్కొక్క శవాన్నీ చూస్తుంది. అభిమన్యుని దేహం మీద పడి విలపించే ఉత్తరను చూస్తుంది. అతడు శత్రుపక్షంవాడైనా ఆ శోకంలో తేడా రాదు. ఆ శోకం కన్నీటితో ఆగదు. ఆపగలిగిన శక్తి ఉండీ ఈ వినాశాన్ని ఉపేక్షించావని కృష్ణుణ్ని నిలదీసి శపిస్తుంది. దేవుడైనా సరే జవాబుదారి. ఈ వ్యాసంలో దీన్ని 'అడిగే శోకం' అంటున్నాను. చనిపోయినవాణ్ని కీర్తించి, అతని చావుకు అర్థం కల్పించి, ఆ అర్థంతో సమాధానపడేదాన్ని 'ఒప్పుకునే శోకం' అనవచ్చు. స్మృతికవిత్వానికి రెండూ అవసరమే. ఏది ఎంత పాలు అన్నదే విమర్శకు ముఖ్యం.

4. ఉద్యమ కవిత్వం – నిప్పు దీపమైన తీరు:

2002లో వెలువడిన 'పొక్కిలి', 'మత్తడి' సంకలనాల నాటికి తెలంగాణ కవిత్వంలోని ప్రధాన దుఃఖం నీళ్లది, భాషది, వలసది. ఎండిన చెరువు, వెక్కిరింతకు గురైన యాస, దుబాయికో బొంబాయికో పోయిన కొడుకు. 2009 చివర నుంచి దుఃఖం మారింది. చెరువు స్థానంలో కాలిన దేహం వచ్చింది. ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందంటే, కవులకు తమ పదజాలాన్ని సమీక్షించుకునే వ్యవధి లేకపోయింది. ఉదయం వార్త, సాయంత్రం ధూంధాం వేదిక మీద పాట. ఈ తొందరను గుర్తుంచుకోకుండా ఆ కవిత్వం మీద తీర్పు చెప్పడం అన్యాయం.

ఆ పాటల్లో, కవితల్లో మూడు లక్షణాలు ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. అన్నిటికంటే బలమైనది నిప్పు వెలుగుగా మారే ప్రతీక. మంట జ్యోతి అవుతుంది, జ్యోతి పొద్దు అవుతుంది, పొద్దు రాష్ట్రం అవుతుంది. ఈ వరుసలో ఎక్కడా నొప్పి లేదు. కాలినగాయాల వార్డులో గడిచిన రోజులు లేవు. శ్రీకాంతాచారి నవంబరు 29 నుంచి డిసెంబరు 3 దాకా ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ నాలుగు రోజులు పాటల్లోకి రాలేదు. ప్రతీక ఆ రోజులను మింగేసింది. 2023 జూన్ 22న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ప్రారంభమైన అమరుల స్మారకం ప్రమిద ఆకారంలో ఉండడం యాదృచ్ఛికం కాదు. కవిత్వం పుష్కరకాలం పాటు సిద్ధం చేసిన రూపకాన్నే శిల్పులు స్టీలుతో కట్టారు. మెరిసే ఆ కట్టడం అందంగా ఉంది. గన్‌పార్కులోని పాత స్తూపం 1969లో పోలీసు తూటాలకు నేలకొరిగినవారిది. అక్కడ కాల్చినవాడు ఎవరో చూసేవాడికి తెలుసు. ప్రమిదలో కాలేదీ వెలిగేదీ తానే అయినప్పుడు కాల్చినవాడి గురించి అడగాలని ఎవరికి తోస్తుంది?

రెండవది తల్లి గొంతు. 'బిడ్డా' అన్న సంబోధన లేని అమరుల పాట అరుదు. ఇది జానపద సంప్రదాయం నుంచి వచ్చిన బలం. అయితే ఆ తల్లి గొంతును రాసినవారు చాలావరకు తల్లులు కారు, సభకు పాట కట్టిన కవులు. అందువల్ల తల్లి ఏడుస్తూనే గర్వపడవలసి వచ్చింది. పాట చివరి చరణానికి ఆమె కన్నీళ్లు తుడుచుకొని పిడికిలి బిగించవలసి వచ్చింది. బిగించడానికి ఇష్టపడని తల్లికి ఆ పాటలో చోటులేదు. మహమూద్ దర్వేష్ 2002లో ముట్టడిలో ఉన్న రామల్లాలో రాసిన దీర్ఘకవిత 'హాలత్ హిసార్'లో చనిపోయిన యువకుడే మాట్లాడతాడు. తన మరణాన్ని పండగలా జరిపే ఆడవాళ్ల జయధ్వానాలను నమ్మవద్దని, తన ఫోటో చూసి ఏడ్చే తండ్రినే నమ్మమని అతడు కవిని హెచ్చరిస్తాడు. పాలస్తీనా కవికి తన జాతి పోరాటం మీద ప్రేమ తక్కువ కాదు. ఆ ప్రేమే అతనికి ఆ హెచ్చరికను వినే చెవినిచ్చింది.

మూడవది, న్యాయంగా చెప్పవలసినది, ఆపే గొంతు. 'చావొద్దు, బతికి సాధించుకుందాం' అన్న పిలుపు ఉద్యమం లోపలి నుంచే వచ్చింది. ప్రొఫెసర్ కోదండరామ్ అధ్యక్షతన ఏర్పడిన రాజకీయ జె.ఎ.సి. నాయకులు, ఆచార్య జయశంకర్ వంటి పెద్దలు సభసభలోనూ యువకులను వేడుకున్నారు. పాటలు కట్టినవారున్నారు, ఊళ్లు తిరిగినవారున్నారు. 2010 ఫిబ్రవరి 20న ఉస్మానియా ఎన్.సి.సి. గేటు దగ్గర సిరిపురం యాదయ్య నిప్పంటించుకున్న తరవాత ఆ విన్నపం మరింత తీవ్రమైంది. కాని ఒకే వేదిక మీద ముందు అమరుడి కీర్తన, తరవాత చావొద్దన్న విన్నపం. వినే పద్దెనిమిదేళ్లవాడికి ఈ రెండింటిలో ఏది గుండెలో నిలుస్తుంది? మొదటిదానికి గజ్జెలు, డప్పు, వేలమంది నిలబడి చేసే నివాళి ఉన్నాయి. రెండవదానికి ఉన్నది మంచిమాట ఒక్కటే.

దీన్ని వ్యక్తులమీద నిందగా తీసుకోకూడదు. గేటె 1774లో రాసిన 'వెర్టర్' నవల చదివి యువకులు నాయకుని దారి పట్టారన్న అపవాదు యూరప్‌లో రెండువందల యాభై ఏళ్లుగా ఉంది. 1974లో డేవిడ్ ఫిలిప్స్ అనే సామాజిక శాస్త్రవేత్త వార్తల ప్రచారం తరవాత ఆత్మహత్యలు పెరగడాన్ని లెక్కలతో చూపి, దానికి ఆ నవల పేరే పెట్టాడు. 2010లో ఆస్ట్రియా పరిశోధకులు దీని రెండోవైపు చూపారు. అదే స్థితిలో ఉండి, మరో దారి వెతుక్కొని బయటపడినవారి కథనాలు ప్రాణాలను నిలబెట్టగలవన్నారు. మోజార్ట్ సంగీతరూపకంలో చావబోయి ముగ్గురు బాలుర మాటతో ఆగిపోయిన పాపగేనో పేరు దానికి పెట్టారు. ఈ వెలుగులో చూస్తే మలిదశ కవిత్వంలోని అసలు లోపం కీర్తన ఎక్కువ కావడం కాదు, ఆగిపోయినవాడి కథ లేకపోవడం. అగ్గిపుల్ల గీయబోయి ఆగి, ఇంటికి నడిచిపోయి, మర్నాడు ఊరేగింపుకు వచ్చిన యువకుడు వేలల్లో ఉంటాడు. అతడు నాయకుడైన కవిత ఎక్కడుంది?

5. బెన్ జెల్లూన్ నవలిక – మృతుణ్ని దిద్దడం:

మొరాకోలో పుట్టి ఫ్రెంచిలో రాసే తహర్ బెన్ జెల్లూన్ 2011లోనే 'పార్ ల ఫ' అనే చిన్న నవలిక ప్రకటించాడు. 'నిప్పు చేత' అని దాని అర్థం. దేశం పేరు చెప్పడు. నాయకుని పేరు మొహమ్మద్. తండ్రిని పాతిపెట్టి ఇంటికి వచ్చిన రోజుతో కథ మొదలవుతుంది. ఇంటి బరువు మీద పడుతుంది. చదివిన డిగ్రీ కాగితాన్ని కాల్చేసి తండ్రి తోపుడుబండిని బాగుచేసుకుంటాడు. తరవాత ప్రతిరోజూ పోలీసుల చిన్నచిన్న అవమానాలు. నవలిక బలమంతా ఈ 'చిన్న'తనంలో ఉంది. ఎక్కడా మహాసంఘటన లేదు. ఇవాళ లంచం, రేపు బండి జప్తు, ఎల్లుండి వాకిట్లో పడిగాపులు. చివరి ఘట్టం కొద్ది పంక్తుల్లో అయిపోతుంది. ఆ పొదుపు తెలుగు కవిత్వం నేర్చుకోవలసినది. మరణం మీద కాక, మరణానికి ముందున్న వరసమీద కథకుని చూపు నిలిచింది.

అయితే నిజమైన బువాజీజీకి డిగ్రీ లేదు. హైస్కూలు చదువే పూర్తికాలేదు. పట్టభద్రుడన్నది తొలిరోజుల ప్రచారంలో పుట్టిన మాట, నవలాకారుడు దాన్నే స్వీకరించాడు. పండ్లు అమ్ముకునేవాడి చావుకంటే పండ్లు అమ్ముకోవలసివచ్చిన పట్టభద్రుడి చావు చదువరులకు ఎక్కువ విషాదంగా తోస్తుంది కాబట్టి కావచ్చు. మనకూ ఈ అలవాటుంది. మలిదశ మృతులందరినీ 'విద్యార్థి అమరులు'గా పాట కట్టినప్పుడు వారిలోని రైతుకూలీలు, ఆటోడ్రైవర్లు, చిరుద్యోగులు ఆ సమాసం కింద కనబడకుండా పోయారు. మృతుణ్ని మన విషాదానికి తగినట్టు దిద్దుకోవడం రెండు సాహిత్యాల్లోనూ జరిగిన తప్పిదం.

కాని బెన్ జెల్లూన్ ముగింపులో ఒక చిత్రం చేశాడు. కుటుంబం దుఃఖంలో ఉండగానే ఒక సినిమా నిర్మాత ఇంటికి వచ్చి మొహమ్మద్ కథను కొనుక్కుంటానంటాడు. రచయిత తన చేతివేళ్ల మీద తానే కొట్టుకున్న దెబ్బ అది. ఆ కథను అమ్మకానికి తెచ్చినవారిలో తానూ ఒకణ్నని ఒప్పుకోవడం. 2010, 2011 సంవత్సరాల్లో తెలంగాణ ఉద్యమం మీద వరసగా సినిమాలు వచ్చాయి. అమరుల కథతో మనమేమి చేస్తున్నామని తమను తాము ప్రశ్నించుకున్న రచన వాటిలో కనబడదు.

6. జీవనేచ్ఛ:

అరబ్ వసంతంలో వీధివీధినా వినిపించిన నినాదం 'ప్రజలు కోరుతున్నారు' అన్న మాటలతో మొదలవుతుంది. దాని మూలం ట్యునీషియా కవి అబుల్ ఖాసిం అల్ షాబీ 1933లో రాసిన కవిత. ఆ దేశ జాతీయగీతంలోనూ ఆ పాదాలు చేరాయి. షాబీ మరుసటి ఏడు ఇరవై ఐదేళ్ల వయసులో గుండెజబ్బుతో మరణించాడు. చావు దగ్గరకు వచ్చిన యువకుడు రాసిన ఆ కవిత పేరు 'ఇరాదతుల్ హయాత్'. జీవనేచ్ఛ అని అర్థం. బువాజీజీ మరణంతో వీధిలోకి వచ్చిన జనం నోట పలికింది చావును కొలిచే పాట కాదు, బతుకును కోరే పాట. మరణం నిప్పు రాజేసిందేమో గాని, భాష మాత్రం బతుకు వైపు నుంచి వచ్చింది.

ఇలాంటి మాట మనకు లేదా? ఉంది. అంతకంటే పాతది, అంతకంటే సొంతమైనది. బతుకమ్మ. ఒక కథ ప్రకారం ధర్మాంగదుడనే రాజుకు, సత్యవతికి పుట్టిన నూరుగురు కొడుకులు యుద్ధంలో చనిపోయారు. తరవాత పుట్టిన బిడ్డను రుషులు 'బతుకమ్మా' అని దీవించారు. యుద్ధంలో యువకులందరినీ పోగొట్టుకున్న ఒక ఇల్లు, మిగిలిన బిడ్డను చూసి అన్న మాట అది. పండుగ పేరే ఒక వేడుకోలు. ఉద్యమకాలంలో ఉయ్యాల బాణీలో అమరుల పాటలు ఎన్నో వచ్చాయి. చావును పాడుతున్నది బతుకమ్మ బాణీలో అన్న వైరుధ్యాన్ని ఆ పాటలు గమనించుకోలేదు. గమనించుకొని ఉంటే, నూరుమంది కొడుకుల తల్లి సత్యవతి మలిదశ కవిత్వానికి కేంద్రపాత్ర అయి ఉండేది. ఆమె గర్వపడదు. ఇంకొక్క బిడ్డ కూడా పోకూడదంటుంది.

ట్యునీషియా తరవాతి కథ నినాదంతో ఆగలేదు. 2013లో దేశం మళ్లీ హింసవైపు జారుతున్నప్పుడు కార్మిక సంఘం, పారిశ్రామికుల సంఘం, మానవహక్కుల సంస్థ, న్యాయవాదుల మండలి కలిసి ప్రత్యర్థి పార్టీలను చర్చకు కూర్చోబెట్టాయి. ఆ నాలుగు సంస్థల కూటమికి 2015లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అదే ఏడు డిసెంబరు 9న ఐక్యరాజ్య సమితి భద్రతామండలి, శాంతి ప్రక్రియల్లో యువతకు చోటివ్వాలంటూ 2250వ తీర్మానం చేసింది. మనకు మరో కారణంగా గుర్తున్న తేదీ అది. దీని చొరవ జోర్డాన్‌ది. అలాగని అక్కడ అంతా చక్కబడిందని కాదు. విప్లవంలో మరణించినవారి అధికారిక జాబితా రాజపత్రంలో అచ్చవడానికి పదేళ్లు పట్టింది. ఉద్యోగాలు లేని యువకులు మధ్యధరా దాటే పడవలు ఎక్కుతూనే ఉన్నారు.

7. నియామకాలు:

నీళ్లు, నిధులు, నియామకాలు అన్న ఉద్యమ నినాదంలో మూడవది నేరుగా యువకులది. ప్రత్యేక రాష్ట్రం తొలి గ్రూప్-1 ప్రకటన 2022 ఏప్రిల్‌లో గాని రాలేదు. దాని ప్రాథమిక పరీక్ష ప్రశ్నపత్రాల లీకేజీతో 2023 మార్చిలో రద్దయింది. అంతకుముందు 2019 ఏప్రిల్‌లో ఇంటర్మీడియట్ ఫలితాల తప్పుల గందరగోళం నడుమ ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. వారికి 'అమరులు' అన్న మాట దక్కలేదు, స్తూపం లేదు, పాట దాదాపు లేదు. ఒకే నేల, ఒకే వయసు, ఒకే రకపు నిస్సహాయత. ఉద్యమం అన్న నేపథ్యం లేకపోతే యువమరణం మన కవిత్వానికి వస్తువు కాదా?

2019 నవంబరు 4న అబ్దుల్లాపూర్‌మెట్ తహసీల్దారు విజయారెడ్డిని ఆమె కార్యాలయంలోనే ఒక రైతు నిప్పంటించి చంపాడు. కాపాడబోయిన డ్రైవరూ, తరవాత నిందితుడూ చనిపోయారు. భూమి పట్టా తగాదా. ఆ కార్యాలయం మీదుగా వెళ్లినప్పుడల్లా సిదీ బూజిద్ గుర్తుకు వస్తుంది. అక్కడ అర్జీ వినని కార్యాలయం ముందు ఒకడు తనను కాల్చుకున్నాడు, ఇక్కడ కార్యాలయంలోకి వచ్చినవాడు అధికారిని కాల్చాడు. మొదటిదాన్ని విప్లవమనీ రెండవదాన్ని నేరమనీ అనడంలో పొరపాటు లేదు. హత్యను అర్థం చేసుకోవడమంటే దాన్ని మన్నించడం కాదు. కాని అర్జీకీ నిప్పుకూ మధ్య ఉన్న దూరంలో ఎవరూ లేకపోవడం రెండు కథల్లోనూ ఒకటే. ఆ దూరంలో మనుషులను నిలబెట్టగల ప్రక్రియ కథ, నవల. కవిత కాదేమో. మలిదశ సాహిత్యం కవిత్వం దగ్గర, పాట దగ్గర ఎక్కువగా ఆగిపోయినందుకు మనం చెల్లించిన మూల్యం ఇదని నా అభిప్రాయం.

ఇక్కడ ఒక స్వీయానుభవం చెప్పక తప్పదు. నేను పాఠం చెప్పే విద్యార్థుల్లో చాలామంది దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట హాస్టళ్లలో ఉండి డిగ్రీతోపాటు పోటీపరీక్షలకు చదువుతారు. ఒక ఏడాది రెండో సంవత్సరం విద్యార్థి ఒకడు కవిత తెచ్చి చూపించాడు. ఉద్యోగం రాని యువకుడు తన ఫోటో ఉన్న ఫ్లెక్సీని కూడలిలో ఊహించుకునే కవిత. ప్రతీక బాగుందన్నాను. రెండో చరణంలో యతి భంగమైన లయ గురించి మాట్లాడాను. అతడు తలూపి వెళ్లిపోయాడు. ఆ తరవాత మూడు రోజులు క్లాసుకు రాలేదు. అప్పుడు గాని ఆ కవిత ఏమంటోందో నాకు వినబడలేదు. స్మృతికవిత్వం మీద ఇంత చదివిన మనిషిని, నా ముందు నిలబడినవాణ్ని ప్రతీకగానే చూశాను.

హాస్టలుకు వెళ్లేసరికి జ్వరంతో పడుకొని ఉన్నాడు. ఫ్లెక్సీ సంగతి అడిగాను. "అట్ల రాస్తెనే మీకు నచ్చుతదనుకున్న మేడమ్. మేం చదివే కవితలన్నీ గట్లనే ఉంటయి గద" అన్నాడు. నిజమే చెప్పాడో, నన్ను ఊరడించడానికే అన్నాడో అప్పుడు తేల్చుకోలేకపోయాను. చాలాసేపు కూర్చున్నాం. ఇంటి అప్పు గురించి, రద్దయిన పరీక్ష గురించి, అమ్మకు చెప్పని అబద్ధాల గురించి మాట్లాడాడు. టెలీ మానస్ 14416 నంబరు రాసిచ్చాను, రూమ్మేటుతో విడిగా మాట్లాడాను.

నెల తరవాత ఆ కవితను మళ్లీ తెచ్చాడు. ఫ్లెక్సీ పోయింది. తెల్లవారుజామున హయత్‌నగర్ డిపో దగ్గర టీ తాగుతూ, పరీక్ష కేంద్రానికి పోయే బస్సు కోసం నిలబడ్డ నలుగురు స్నేహితులున్నారు. లయ ఇంకా అక్కడే కుంటుతోంది. ఈసారి దాన్ని సరిచేయమని చెప్పలేదు.